ప్రింటు వచ్చేలోపు

ఈ వారం ఏ సినిమా చూశావు, ఎలా ఉంది అని అడిగితే తెలుగువాళ్ల జవాబు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. పర్లేదు. ఒకసారి చూడొచ్చు. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు. పాటలు బాగున్నాయి, కథే లేదు. డబ్బులు దండగ. టీ కొట్టు దగ్గరో, బస్సులోనో, చేలో నాట్లేస్తూనో అనేసి మరిచిపోయే మాటలివి. కాలక్షేపం కబుర్లని వీటిని తీసిపారేయడం తేలిక. దర్శకుల గురించి, తారల గురించి, స్టూడియోల గురించి బోలెడన్ని పుస్తకాలున్నాయి గానీ హాలు బయట జనం అనుకున్న మాట గురించి నాలుగు పేజీలు దొరకడం కష్టం. కానీ టాకీలు నిలదొక్కుకున్న నాటి నుంచి 2000 దాటేదాకా ఏ సినిమా ఏ ఊరికి ఎప్పుడు రావాలో, వచ్చాక ఎన్నాళ్లు ఉండాలో, ఎవరి డబ్బు మునగాలో ఎవరిది తేలాలో చాలావరకు తేల్చినవి ఈ రెండు ముక్కల అభిప్రాయాలే. ఆ బలం జనం అభిరుచి గొప్పది కావడం వల్ల రాలేదు, వాళ్ల తీర్పు నిష్పాక్షికం కావడం వల్లా రాలేదు. ప్రింట్లు తక్కువ కావడం వల్ల వచ్చిందని నా వాదన. సినిమా నెమ్మదిగా నడిచేది, మాట దానికంటే ముందు నడిచేది. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే టాక్ బతికింది. ఆ ఎడం పోయాక దాని గొంతు పెరిగింది, పలుకుబడి తగ్గింది.

సినిమాకు ముందు నాటకం ఉంది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన సమాజాలు మూడు నాలుగు తరాలపాటు ఊరూరా తిరిగాయి. ఆ కాలం పద్యనాటకంలో ప్రేక్షకుడి అభిప్రాయానికి హాల్లోనే చోటుండేది. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని కేక పడేది. వేషం కృష్ణుడిదైనా, కథలో యుద్ధం ముంచుకొస్తున్నా, నటుడు ఆగి మళ్లీ రాగం ఎత్తుకోవాల్సిందే. నచ్చకపోతే ఈలలు, గోల. మర్నాటి ఆటకు కంట్రాక్టరూ నటుడూ ఆ గోలను లెక్కలోకి తీసుకునేవాళ్లు. 1932లో హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' వచ్చినప్పుడు తెలుగు టాకీ నాటకం నుంచి కథలు, పద్యాలు, నటులను తెచ్చుకుంది గానీ ఈ ఒక్కటీ తెచ్చుకోలేకపోయింది. తెర వినదు. ఎంత అరిచినా బొమ్మ అదే వేగంతో పోతుంది. అందుకే వేదికవైపు పోవలసిన అభిప్రాయం పక్కవాడివైపు మళ్లింది. సినిమా మారకపోవచ్చు, దాన్ని చూడబోయేవాడి నిర్ణయం మాత్రం మారుతుంది. నాటకాల రోజుల్లో నటుడి మీద పనిచేసిన మాట టాకీల రోజుల్లో టికెట్టు కిటికీ మీద పనిచేయడం మొదలుపెట్టింది.

అయితే కిటికీ దగ్గర పనిచేయాలంటే మాట ముందు రావాలి, సినిమా తర్వాత రావాలి. ఆ ఏర్పాటు ఎవరూ కోరి చేసింది కాదు. మద్రాసులో రఘుపతి వెంకయ్య గెయిటీ కట్టినా, బెజవాడలో 1921లో మారుతీ సినిమా వెలిసినా, పక్కా హాళ్లు చాలాకాలం పెద్ద పట్టణాలకే పరిమితం. మిగిలిన ఊళ్లకు డేరా వేసి ఆడించే టూరింగ్ టాకీసులే దిక్కు. కోతలయ్యాక, తిరునాళ్లప్పుడు, చేతిలో నాలుగు డబ్బులాడే కాలం చూసుకుని డేరా దిగేది. అందులోకి వచ్చే సినిమా ఏడాది కిందటిదో, రెండేళ్ల కిందటిదో. అప్పటికే పట్నం వెళ్లి చూసొచ్చినవాళ్లు ఊళ్లో పదిమంది ఉంటారు. కథ ముందే తెలుసు, ఎక్కడ ఏడుపొస్తుందో తెలుసు, ఏ పాటకు బయటికెళ్లి బీడీ కాల్చుకోవచ్చో కూడా తెలుసు. బండి మీద మైకు పెట్టి కరపత్రాలు పంచుతూ తిరిగే ప్రచారం ఊరికి కొత్తగా చెప్పేది ఏమీ ఉండేది కాదు, తేదీ తప్ప. పాటల పుస్తకం కూడా సగం కథ చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనేది. ఆ మిగతా సగం అప్పటికే అరుగుల మీద తిరుగుతూ ఉండేది.

1950ల నాటికి ఈ ఆలస్యం చుట్టూ ఒక వ్యాపారం గట్టిపడింది. దానికో భూపటం ఉంది: నైజాం, సీడెడ్, వైజాగ్, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. (నిజాం రాజ్యం 1948లో పోయింది, 1800లో అప్పటి నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన 'సీడెడ్' జిల్లాలకు రాయలసీమ అని పేరు మారీ చాలాకాలమైంది, సినిమా లెక్కల్లో మాత్రం రెండు పేర్లూ ఇంకా సజీవంగానే ఉన్నాయి.) విజయవాడ గాంధీనగర్‌లోనూ హైదరాబాద్ కాచిగూడలోనూ ఉన్న డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో ఒక్కో ఏరియాకు చేతికొచ్చే ప్రింట్లు కొద్ది. ముడి ఫిలిం విదేశాల నుంచి రావాలి, దానికి లైసెన్సు కావాలి, రంగుల సినిమా అయితే ఖర్చు మరింత. కాబట్టి మొదట ఎ సెంటర్లలో, అంటే పెద్ద పట్టణాల్లో, వేయడం, అక్కడ ఆట అయ్యాక అవే డబ్బాలను బి సెంటర్లకు, వాటి తర్వాత గీతలు పడి, అతుకులు పడి, పాట మధ్యలో ఎగిరిపడే స్థితిలో సి సెంటర్లకు పంపడం. ఒక్కోసారి ఒకే ప్రింటు రెండు హాళ్లలో నడిచేది. ఇక్కడ ఆడిన రీలు సైకిలెక్కి అక్కడికి పోయేది, కుర్రాడి సైకిలు పంక్చరైతే అక్కడ తెర తెల్లబోయేది. ఇలా సినిమా విజయవాడ నుంచి గుడివాడకు, గుడివాడ నుంచి కైకలూరుకు దిగడానికి వారాలు, నెలలు పట్టేది. మాటకు ఆ దూరం ఒక బస్సు ప్రయాణం. బి సెంటర్ హాలు యజమాని ఏ సినిమాకు అడ్వాన్సు కట్టాలో, మినిమం గ్యారంటీ ఎంతకు ఒప్పుకోవాలో తేల్చుకునేది పోస్టరు చూసి కాదు, పట్నంలో జనం ఏమనుకుంటున్నారో విని.

ఆ వినడం ఎక్కడ జరిగేదో కొంచెం దగ్గరగా చూడాలి. ఊరి హాలుకు ఒకటే ఆవరణ. మ్యాట్నీ వదిలే వేళకు ఫస్ట్ షో క్యూ గోడ వెంబడి కట్టి ఉంటుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ గేట్లు తెరుచుకుని లోపలి జనం బయట జనం పక్కనుంచే పోవాలి. ఎలా ఉందన్న ప్రశ్న అక్కడ ఎవరూ నోరు తెరిచి అడగనక్కర్లేదు. తొందర తొందరగా సైకిలు స్టాండువైపు నడిచేవాళ్లు ఒక జవాబు, గేటు దగ్గరే గుంపులుగా నిలబడి చేతులూపుతూ మాట్లాడుకునేవాళ్లు ఒక జవాబు, కళ్లు తుడుచుకుంటూ వచ్చే ఆడవాళ్లు మరో జవాబు. క్యూలో వెనక నిలబడ్డవాడు ఇంటికి పోవాలా వద్దా అని అప్పుడే తేల్చుకునేవాడు. ఆ గుంపుల్లో ఒకడు మాత్రం సినిమా చూడటానికి వచ్చినవాడు కాదు. డిస్ట్రిబ్యూటర్ ప్రింటుతోపాటు పంపిన రిప్రజెంటేటివ్. అతని అసలు పని టికెట్టు పుస్తకాలు సరిచూసి డి.సి.ఆర్. (రోజువారీ వసూళ్ల లెక్క) రాసి ఆఫీసుకు పంపడం. పనికొచ్చే రిప్రజెంటేటివ్ అంకెలతో ఆగడు. ఇంటర్వల్‌లో సోడా కొట్టువాడిని, సైకిలు స్టాండువాడిని కదిలిస్తాడు. ఇంటర్వల్‌కే ఎన్ని సైకిళ్లు వెళ్లిపోయాయో వాళ్లకు తెలుసు. తొలిరోజు కలెక్షను హీరో పేరు చెబుతుంది, నాలుగోరోజు కలెక్షను సినిమా చెబుతుంది. ఆ నాలుగోరోజును రెండోరోజే పసిగట్టడానికి సోడా కొట్టు కావాలి. అలా పోగుచేసిన మాట ఆఫీసుకు చేరి, పక్క ఊరి అడ్వాన్సును పెంచేది లేదా డబ్బాలను వెనక్కు రప్పించేది. రెండున్నర గంటల సినిమాకు ఫలానా పాట అడ్డమని నాలుగు సెంటర్ల నుంచి కబురొస్తే ఆ పాట మీద కత్తెర పడటమూ ఉంది. వన్స్ మోర్ తిరగబడిన రూపంలో అప్పుడప్పుడు ఇలా పలికేది.

ఈ యంత్రం పేర్లను లెక్కచేయలేదని చెప్పడానికి ఉదాహరణలు దూరం పోనక్కర్లేదు. 'పాతాళభైరవి' (1951)తో ఊరూరా జెండా ఎగరేసిన విజయా సంస్థ, అదే హీరోతో, అంతకంటే హంగుగా 1954లో 'చంద్రహారం' తీసింది. జనం పెదవి విరిచారు. 'లవకుశ' (1963) తీసిన లలితా శివజ్యోతి వాళ్లే 1967లో భారీగా 'రహస్యం' తీశారు. ఘంటసాల కట్టిన పాటలు ఇప్పటికీ పాడుకుంటారు గాని సినిమా నిలవలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ సంస్థ పేరు మొదటి వారం హాలు నింపగలదు. తర్వాతి సెంటర్లు మాత్రం మొదటి సెంటర్ల మాట విన్నాకే తలుపు తీస్తాయి. ప్రింటు నడక నెమ్మది కాబట్టి నష్టం కూడా మెట్టుమెట్టుగా దిగింది, కొనాల్సినవాడికి తప్పుకునే వ్యవధి దొరికింది. 'మల్లీశ్వరి' (1951) సంగతి దీనికి రెండోవైపు. విడుదలైనప్పుడు పెట్టిన ఖర్చుకు తగ్గ డబ్బు తేలేదు. కానీ డబ్బాలు ఉన్నాయి, హాళ్లు ఉన్నాయి, బాగుందన్న మాట చావలేదు. తర్వాతి విడుదలల్లో అది జనాన్ని తెచ్చుకుంది. మొదటి పరుగులో ఓడిన సినిమాకు రెండో పరుగు ఉండటమన్నది అప్పటి వ్యాపారంలో మామూలు విషయం.

అందరికీ తెలిసిన ఉదాహరణ 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరి 2న విడుదల. హీరో అనదగ్గవాడు లేడు. ప్రధాన పాత్ర వేసిన సోమయాజులు డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ నాటకాలేసుకునే మనిషి. కథ చూస్తే శాస్త్రీయ సంగీతం, ఒక ముసలి గాయకుడు. కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు వెనకాడారు, తొలిరోజుల్లో హాళ్లు పలచగా ఉన్నాయి. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. తెలుగు రాని ఊళ్లలో తెలుగులోనే ఆడింది, సంపూర్ణ వినోదం అందించిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. దీన్ని మంచి సినిమాను జనమే గెలిపించిన కథగా చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ కథలో ఒక పాత్రను వదిలేస్తాం: ఖాళీ హాల్లో కూడా కొన్ని రోజులు ఆగిన ప్రింటు. మొదటి వారం ముగిసేలోపు డబ్బాలు కట్టేసి ఉంటే ఆ మాట ఎవరిని తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టేది? మద్రాసు సఫైర్‌లో 'మరోచరిత్ర' (1978) 596 రోజులు ఆడటం వెనకా ఇదే ఉంది. తమిళంలోకి డబ్ చేయలేదు, నగరంలో దాన్ని చూడాలంటే అక్కడికే పోవాలి, తొందరేమీ లేదు, చూసినవాడు చెబితే మరొకడు వెళతాడు. చోటు తక్కువ, వ్యవధి ఎక్కువ. టాక్‌కు ఇంతకంటే అనువైన వాతావరణం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినపడుతుంది. అభిప్రాయాన్ని జనం నోటికే వదిలేశారా, పత్రికలు లేవా? ఉన్నాయి, బాగా ఉన్నాయి. ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ 1950లలో రాసిన సమీక్షలు 'సినీ రమణీయం'గా ఇప్పటికీ అచ్చులో ఉన్నాయి. కొడవటిగంటి కుటుంబరావు సినిమాల మీద రాసినంత మొండిగా, కటువుగా తెలుగులో తర్వాతెవరూ రాయలేదనవచ్చు. రూపవాణి, 1966 నుంచి విజయచిత్ర, 1976 నుంచి సితార, ఆ తర్వాత జ్యోతిచిత్ర ప్రతి మంగలి షాపులోనూ ఉండేవి. కానీ సమీక్ష ఎప్పుడు వచ్చేది, ఎవరు చదివేవాళ్లు? పత్రిక చేతికొచ్చేసరికి పట్నంలో చూడాల్సినవాళ్లు చూసేశారు. ముళ్లపూడిని వాళ్లు చదివింది చూడాలో వద్దో తేల్చుకోవడానికి కాదు. తాము చూసి అనుకున్నదాన్ని ఆయన ఎంత చమత్కారంగా అన్నాడో చూసుకుని నవ్వుకోవడానికి. పల్లెలో చదివినవాడు ఆ మాటను తన మాటలో కలుపుకుని నలుగురికీ చెప్పేవాడు. అంటే అచ్చైన సమీక్ష కూడా టాక్‌లో ఒక గొంతుగా చేరిందే తప్ప దాని మీద న్యాయమూర్తిగా కూర్చోలేదు. ఆ ముళ్లపూడే 1962లో 'రక్తసంబంధం'కు మాటలు రాసి పరిశ్రమలోకి వెళ్లిపోయాడు. పదునైన సమీక్షకుడు దొరికితే పరిశ్రమ అతన్ని రచయితగా తీసేసుకోవడం మన దగ్గర పాత అలవాటే. విమర్శ ఒక వృత్తిగా నిలబడకపోవడానికి అదీ ఒక కారణం, దానివల్ల నోటిమాటకు పోటీ ఇంకా తగ్గింది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. జనం మాట అంటున్నారు, అది అభిమానుల మాట కాదా, కులం మాట కాదా, డిస్ట్రిబ్యూటరు పుట్టించిన మాట కాదా? కొంతవరకు అవును. రామారావు అభిమానికి నాగేశ్వరరావు సినిమా నచ్చదు, కృష్ణ అభిమానికి వాళ్లిద్దరివీ నచ్చవు. హాలు ముందు కట్టిన తోరణాలకూ ఊళ్లో పేటల పేర్లకూ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. వంద రోజుల పోస్టరు మొదట నిజంగానే జనం మాటకు అచ్చురూపం. 'అడవిరాముడు' (1977) నాలుగు హాళ్లలో ఏడాది ఆడితే ఆ అంకె వెనక నిజంగా టికెట్లు తెగాయి. పోనుపోను ఎవరికి ఎన్ని సెంటర్లు అన్న లెక్క పంతానికి పోయి, ఖాళీ హాలుకు అద్దె కట్టి వందో రోజు దాటించడం మొదలైంది. దాంతో ఆ అంకె కూడా ఒకరు పుట్టించిన మాటే అయింది. ఇన్ని కల్తీలున్నా టాక్ పనిచేసింది, ఎందుకంటే వినేవాడికి చెప్పేవాడు తెలుసు. ఫలానా సుబ్బారావు తన హీరో తెర మీద నిద్రపోయినా బాగుందంటాడని టీ కొట్టులో అందరికీ ఎరుక. అతను కూడా తల అడ్డంగా ఊపాడంటే ఇక ఆ బొమ్మ లేచే పని లేదన్నమాట. అభిమాని చెప్పే పొగడ్తకు విలువ లేదు గాని అతని మౌనానికి చాలా విలువ ఉండేది. పక్షపాతం లేకపోవడం కాదు కావలసింది, ఎవరి పక్షపాతం ఎటువైపో తెలిసి ఉండటం. దానికి తోడు రెండో మాట, మూడో మాట వినే వ్యవధి. ఒక ఊరి అభిమానం ఇంకో ఊళ్లో చెల్లదు కాబట్టి ప్రింటు నాలుగు ఊళ్లు దిగేసరికి పొల్లు చాలావరకు ఎగిరిపోయేది.

ఆడవాళ్ల మాట గురించి విడిగా చెప్పుకోవాలి. నేలలోనూ బెంచీలోనూ వాళ్లకు వేరే వరుసలు, వేరే టికెట్టు కిటికీ. వంటపని తెమిలాక మ్యాట్నీ వాళ్ల ఆట. వ్యాపారంలో 'లేడీస్ టాక్' అన్నమాటకు ఉన్న బరువు అంతా ఇంతా కాదు. మగవాడు చూసి ఊరుకుంటాడు, ఆవిడ చూస్తే అత్తను, ఆడపడుచును, పిల్లలను వెంటేసుకుని మళ్లీ వస్తుంది. 1970లలో నవలల నుంచి వచ్చిన 'మీనా' (1973), 'సెక్రటరీ' (1976) లాంటి సినిమాల విషయంలో ఈ మాట ఇంకా చిక్కనైంది. యద్దనపూడి సులోచనారాణి నాయకుడు ఎలా నడుస్తాడో, ఎలా కోపగించుకుంటాడో సీరియల్ చదివినవాళ్లకు ముందే తెలుసు. హాల్లో వాళ్లు చూసింది సినిమాను కాదు, తాము అంతకుముందే మనసులో తీసుకున్న సినిమాతో దీనికి పోలిక. ఎడం ఇక్కడ ఊళ్ల మధ్యది కాదు, పుస్తకానికీ తెరకూ మధ్యది. అయినా పని అదే చేసింది.

దీన్నంతా చూసి అది స్వర్ణయుగమనుకుంటే పొరపాటు. ఆ ఎడం వల్ల నష్టపోయినవాళ్లు సి సెంటర్ ప్రేక్షకులు. తీర్పు ఎ సెంటర్‌లో అయిపోయేది. అరిగిన ప్రింటు, ఎగిరిన పాట, పట్నం వాళ్లు ముందే తేల్చేసిన కథ వీళ్ల వాటా. పట్నంలో క్లాసు జనం పెదవి విరిచినందుకు పల్లెకు రాకుండా పోయిన సినిమాల లెక్క ఎవరూ తీయలేదు. గెలుపంతా టాక్ ఒక్కదానిదే కాదని ఒప్పుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైన రోజే కోస్తాను పెనుతుపాను కొట్టింది. బస్సులు, రైళ్లు ఆగిపోయాయి, హాళ్లలో నీళ్లు నిలిచాయి. తొలిరోజుల వసూళ్లు కొట్టుకుపోయినా వాన తెరిపిచ్చాక జనం విరగబడ్డారు. అది టాక్ మహిమ అనేవాళ్లున్నారు. చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా పాటలు ఉన్న సినిమా ఎలాగైనా నిలబడేదేమో. నేను గమనించమనేది ఒక్కటే: నాలుగు రోజులు పోయినా సినిమా చావని ఏర్పాటు అప్పట్లో ఉంది.

వారం అన్న లెక్క కూడా అప్పటిది కాదు. ఇప్పుడు శుక్రవారమంటే విడుదల అని నోటికొస్తుంది గాని 'మాయాబజార్' వచ్చింది 1957 మార్చి 27, బుధవారం. 'పాతాళభైరవి' గురువారం, 'శంకరాభరణం' శనివారం, తుపానులో వచ్చిన జగదేకవీరుడు బుధవారం. పండుగను బట్టి, ముహూర్తాన్ని బట్టి, హాలు ఖాళీ అయిన రోజును బట్టి వచ్చేవి. మొదటి మూడు రోజుల్లోనే డబ్బు లాగేయాలన్న తొందర లేనప్పుడు శని ఆదివారాలకు ముందు దిగాలన్న నియమం ఎందుకు? వారం వారం ఊరంతా ఒకే సినిమా చూసి మర్నాడు ఒకేసారి మాట్లాడుకునే అలవాటును మనకు నేర్పింది హాలు కాదు, టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఎనభైలలో ట్రాన్స్‌మిటర్లు పెరిగాక వారానికో తెలుగు సినిమా, శుక్రవారం చిత్రలహరి, వీధికో సెట్టు, దాని ముందు చాపలు. మర్నాటి బావి దగ్గర కబుర్లు హాలు రోజుల కంటే జోరుగానే సాగేవి. వాటివల్ల మాత్రం ఏమీ కాలేదు. పాత సినిమా, అందరూ చూసేశారు, ఎవరూ ఏమీ తేల్చుకోనక్కర్లేదు. ఫలితం లేని అభిప్రాయానికి అది మొదటి నమూనా. తర్వాతి కాలానికి ఆ అలవాటు బాగా పనికొచ్చింది.

2000 తర్వాత ప్రింట్లు వందల్లోకి పోయాయి. ఆ దశాబ్దం మధ్య నుంచి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి డబ్బాలనే ఎత్తేసింది. కాపీకి ఖర్చు దాదాపు పోయాక ఎ, బి, సి అన్న మెట్లకు అర్థం లేదు. 'బాహుబలి' రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వేల తెరల మీద ఒక్కసారే దిగింది. కైకలూరు వాడు విజయవాడ వాడితోపాటు మొదటిరోజే, గీత లేని బొమ్మ చూస్తాడు. న్యాయంగా చూస్తే ఇది పెద్ద మేలే, సి సెంటర్ ప్రేక్షకుడి అవమానం తీరింది. కానీ ముందు చూసినవాడు, తర్వాత చూడబోయేవాడు అన్న తేడా చెరిగిపోయింది. మాట ఎవరికోసం ప్రయాణించాలి? మిగిలిన ఒకే ఎడం గడియారాలది. అమెరికాలో సాయంత్రం ప్రీమియర్ పడేసరికి ఇక్కడ తెల్లవారుజాము. ఒకప్పుడు గుడివాడకు విజయవాడ నుంచి వచ్చిన మాట ఇప్పుడు డల్లాస్ నుంచి వస్తుంది, కొన్ని గంటల ముందు. చెప్పినవాడు ఎవరో, ఎవరి అభిమానో, ఎంత డబ్బు పెట్టి చూశాడో వినేవాడికి తెలియదు. అభిప్రాయాలు మునుపటి కంటే లక్ష రెట్లు ఎక్కువగా ఉన్నాయి, వాటిని విని ఆగేందుకు వ్యవధి లేదు. వ్యాపారం కూడా ఆగేవాడిని నమ్ముకోవడం మానేసింది.

మరి చిన్న సినిమాలు ఇప్పటికీ మాట మీదే బతుకుతున్నాయి కదా అంటే, అవును, అవే నా వాదనకు మంచి సాక్ష్యం. 'పెళ్లిచూపులు' (2016) విడుదలకు ముందే ప్రివ్యూలు వేసి మాట పుట్టించారు. 'మేజర్' (2022)కు జూన్ 3 విడుదల పెట్టుకుని మే నెలలోనే దేశంలోని పలు నగరాల్లో టికెట్టు పెట్టి ముందస్తు ఆటలు వేశారు. పేరున్న హీరో లేనివాళ్లు చేసేదల్లా పోయిన ఎడాన్ని చేత్తో మళ్లీ కట్టుకోవడమే. ముందు కొద్దిమందికి చూపించి, వాళ్లు మాట్లాడేదాకా ఆగి, అప్పుడు తలుపులన్నీ తీయడం. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' ఇంకా ముందుకు పోయింది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీలే తెర కట్టి, రాత్రిపూట ఊరందరినీ కూర్చోబెట్టి ఆడించుకున్నాయి. నిర్మాతల వైపు నుంచి అభ్యంతరమూ వచ్చింది. హక్కుల ప్రకారం అది సబబే కావచ్చు. ఆ పల్లెలకు ప్రింటు కంటే మాట ముందొచ్చింది, అంతే.

పరిశ్రమ ఇప్పుడు అభిప్రాయాలను ఆపమని అడుగుతోంది. 2024లో కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ (కోర్టుకు సాయపడే న్యాయవాది), విడుదలయ్యాక 48 గంటలదాకా సమీక్షలు ఆపాలని సూచించారు. అదే ఏడాది తమిళ నిర్మాతల సంఘం హాలు ఆవరణలో ప్రేక్షకుల అభిప్రాయాలు కెమెరాలో పట్టనివ్వొద్దని యజమానులను కోరింది. తెలుగు నిర్మాతలూ మైకు కనపడితే ఇంచుమించు అదే మాట అంటున్నారు. వాళ్ల కష్టం అబద్ధం కాదు, డబ్బు పుచ్చుకుని తిట్టేవాళ్లూ, డబ్బు పుచ్చుకుని పొగిడేవాళ్లూ ఉన్నారు. కానీ మూడు రోజుల్లో పెట్టుబడి లాగేసే పద్ధతి పెట్టుకున్నది వాళ్లే. ఒకప్పుడు మాట నిజమో కాదో తేలడానికి నాలుగు వారాలుండేవి, అప్పుడు ఎవరూ దాన్ని ఆపమని కోర్టుకు పోలేదు. ఇప్పుడు మాట విని వెళదామనుకునేవాడికి టికెట్టు చవక, వినకముందే వెళ్లేవాడికి ఖరీదు. 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటలకు తెలంగాణ ప్రభుత్వం మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా తీసుకోనిచ్చింది. హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఆ రాత్రి తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆ తర్వాత రాష్ట్రంలో ఇలాంటి బెనిఫిట్ షోలకు అనుమతి ఉండదని ప్రభుత్వం అంది, భద్రత పేరు మీద. ఎలా ఉందో ఎవరికీ తెలియని ఆటకే అన్నింటికంటే ఎక్కువ ధర ఎందుకున్నదన్నది ఆ చర్చలోకి రాలేదు.